ఎడారి పెంకుపురుగుల రంగులు, వాటి ఛాయాచిత్రాలు

ఎడారి అనగానే ఇసుక, ఎండ, ఎండమావులు తలపుకు వస్తవి గాని రంగులు తలపుకు రావు. అక్కడ బ్రతికే పురుగు ఇసుకరంగులోనో, నల్లగానో ఉండవలెనని మనం ముందే నిశ్చయించుకొని ఉంటాము. చాలామటుకు అది నిజమే. ఎడారి నేలపై నడిచే పెంకుపురుగులలో నల్లనివే ఎక్కువ. అయితే ఉత్తర అమెరికా నైరృతి భాగంలో ఉన్న సొనోరా, మొహావీ ఎడారులలో తగిన ఋతువులో వెదికితే ఎర్రని తల, నల్లని వీపు గలవి, నల్లని పెంకులపై పసుపుపచ్చని వల పరచినట్లుండేవి, ఒంటినిండా లేతనీలపు బూడిద పూసుకొన్నట్లుండేవి కనబడుతవి. వీటిని ఫోటోలు తీయడం కోసమే ప్రతి ఏటా అనేకులు ఆ ఎడారులకు వెళ్ళుతారు.

వెళ్ళినవారిలో కొందరు పురుగును పట్టి, డబ్బాలో వేసి, ఇంటికి తెచ్చి, తెల్లకాగితంమీద పెట్టి ఫోటో తీస్తారు. బొమ్మ చక్కగానే వస్తుంది. కాని ఆ బొమ్మలోని రంగు, ఎడారిలో ఆ పురుగుకు ఉండిన రంగేనా అన్నది వేరే ప్రశ్న. పెంకుపురుగు రంగు గోడకు వేసిన సున్నం వంటిది కాదు. కొన్ని జాతులలో అది గాలిలోని తేమనుబట్టి మారుతుంది. కొన్నింటిలో వేలు తగిలితేనే చెరిగిపోతుంది. మరికొన్నింటిలో చూచే కోణాన్నిబట్టి, వెలుతురు స్వభావాన్నిబట్టి వేరువేరుగా అగుపడుతుంది. కనుక పురుగును ఉన్నచోటనే, దాని వేళలోనే ఫోటో తీయడం సరదా కోసం పెట్టుకొన్న నియమం కాదు. రంగును నిజంగా నమోదు చేయడానికి అంతకన్న మంచి మార్గం లేదు.

సొనోరా ఎడారి వైశాల్యం సుమారు 2,60,000 చదరపు కిలోమీటర్లు. అనగా ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ కలిపిన వైశాల్యం కన్న కొంచెమే తక్కువ. అమెరికాలోని ఆరిజోనా, కాలిఫోర్నియా రాష్ట్రాలలో కొంత భాగం, మెక్సికో దేశంలో మిగిలిన భాగం దీని క్రిందికి వస్తవి. చేతులెత్తి నిలబడ్డ మనిషివలె కనబడే సవారో అనే పెద్ద నాగజెముడు జాతి చెట్టుకు ఇదే పుట్టినిల్లు. ఎడారి మధ్యనున్న టూసాన్ నగరంలో ఏడాది వర్షపాతం 30 సెంటీమీటర్లకు లోపే. ఆ కొద్ది వాన కూడా రెండు విడతలుగా పడుతుంది. చలికాలంలో పసిఫిక్ మహాసముద్రం వైపునుండి సన్నని జల్లులు వస్తవి. జూలై మొదలు సెప్టెంబరు వరకు ఉరుములు మెరుపులతో పెద్ద వానలు కురుస్తవి. మొదటి వాన ఫిబ్రవరి నుండి ఏప్రిల్ వరకు పూలను ఇస్తుంది, ఆ పూలతోపాటు ఒక తెగ పురుగులు వస్తవి. రెండవ వానకు మరొక తెగ బయలుదేరుతుంది. పురుగుల కోసం వెళ్ళదలచినవాడు పటం కన్న ముందు పంచాంగం చూచుకోవలె.

తొలకరికి మన చేలగట్లమీద ముఖమల్ గుడ్డముక్కలవలె ఎర్రగా పాకే ఆరుద్ర పురుగులను ఎరగని పల్లెటూరి పిల్లవాడు ఉండడు. వేసవి వానలు మొదలయినప్పుడు సొనోరా ఎడారిలో కూడా అదే కుటుంబానికి చెందిన ఎర్రని జీవులు భూమిలోనుండి పైకి వస్తవి. వాటిని చూచి పెంకుపురుగులని భ్రమపడేవారున్నారు. కాళ్ళు లెక్కపెడితే చాలు. ఆరుద్రకు ఎనిమిది, పెంకుపురుగుకు ఆరు.

పెంకుపురుగుకు ఆ పేరు తెచ్చినది దాని ముందు రెక్కల జత. అవి ఎగరడానికి పనికిరాకుండ గట్టిపడి, వెనుకనున్న పలుచని రెక్కలకు మూతవలె ఏర్పడినవి. ఇంతవరకు శాస్త్రజ్ఞులు పేర్లు పెట్టిన పెంకుపురుగు జాతులు సుమారు నాలుగు లక్షలు. మరి ఏ క్రమానికి చెందిన జంతువులలోను ఇన్ని జాతులు లేవు. ఈ పెంకుల మీది రంగు మూడు విధాల పుట్టవచ్చు. పెంకు పదార్థంలోనే వర్ణద్రవ్యం ఉండడం ఒకటి. మన వెంట్రుకలకు నలుపునిచ్చే మెలనిన్ వంటిదే పెంకులకు కూడా నలుపునిస్తుంది. వర్ణద్రవ్యం ఏమీ లేకుండానే, పెంకులోని అతి సన్నని పొరలనుండి పరావర్తనం చెందిన కాంతి తరంగాలు కలిసి, కొన్ని రంగులు బలపడి, కొన్ని నశించి లోహపు మెరుపు రావడం రెండవది. నీటిపై తేలే నూనెపొరలో రంగులు కనబడడం ఇటువంటిదే. పెంకుపైన మైనమో, పొడియో పూతవలె ఏర్పడడం మూడవది. ఈ మూడింటికి కెమెరా ముందు ప్రవర్తన ఒక్కటి కాదు. ఫోటో తీయబోయేవాడు ముందు తన ఎదుట ఉన్నది ఏ తరగతి రంగో తెలిసికొంటే సగం కష్టం తీరుతుంది.

వసంతపు పురుగులు

మార్చి, ఏప్రిల్ నెలలలో ఎడారి వాలులన్నీ బ్రిటిల్‌బుష్ అనే పొద పూలతో పసుపుపచ్చగా మారుతవి. ఆ పూలమీద ఒక్కొక్కప్పుడు డజన్లకొద్దీ పెద్ద పురుగులు గుంపుగా కూర్చుని రేకులు తింటూ కనబడుతవి. వాటి తల, మెడభాగం, కాళ్ళు ఎరుపు. పెంకులు నలుపు. కొన్ని 3 సెంటీమీటర్ల పొడవు కూడా ఉంటవి. ఇది లిట్టా మజిస్టర్ అనే జాతి. దగ్గరకు పోయినా ఇవి పారిపోవు. కెమెరా ముక్కుకు తగిలేటంత దగ్గరకు తెచ్చినా తినడం మానవు.

ఈ ధైర్యానికి కారణం వాటి రక్తంలో ఉన్నది. ఈ కుటుంబపు పురుగులన్నిటిలోను కాంథరిడిన్ అనే విషం ఉంటుంది. బెదిరించినా, నలిపినా కాళ్ళ కీళ్ళనుండి రక్తం బొట్లుగా కారుస్తవి. అది చర్మానికి తగిలితే బొబ్బలు పొక్కుతవి. ఈ పదార్థాన్ని మొదట వేరుచేసినవాడు రోబికే అనే ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు, 1810లో. ఎండుగడ్డిలో చచ్చిపడిన ఇటువంటి పురుగులను మేతతోపాటు తిని గుర్రాలు చనిపోయిన సందర్భాలు అమెరికాలో ఉన్నవి. విషమే మోతాదు మారితే మందవుతుందన్నట్లు, ఒక వైరస్ వల్ల పిల్లల చర్మంపై వచ్చే పొక్కులకు పైపూతగా 2023లో కాంథరిడిన్‌ను ఆ దేశంలో అధికారికంగా అనుమతించారు. చిత్రమేమంటే చాలా జాతులలో ఈ విషాన్ని తయారు చేసేది మగ పురుగు. జతకట్టేటప్పుడు అది ఆడదానికి చేరుతుంది. ఆడది దానిని తన గ్రుడ్లకు రక్షణగా వాడుకొంటుంది. మన వరకట్నానికి తలక్రిందులైన ఏర్పాటు.

ఎరుపు, నలుపు కలిపిన రంగు పక్షులకు ఇచ్చే హెచ్చరిక. ఒకసారి నోట కరచుకొని భంగపడిన పక్షి మళ్ళీ ఆ రంగు జోలికి పోదు. కాబట్టి ఈ రంగు దూరంనుండి, పసుపుపచ్చని పూల నడుమ, పట్టపగలు స్పష్టంగా కనబడవలె. ఫోటోలో పువ్వును తీసివేసి పురుగును మాత్రమే మిగిల్చితే ఆ రంగుకు అర్థమే పోతుంది. ఈ సంగతి గ్రహించినవారు ఒక ఫోటో దగ్గరగా, ఒక ఫోటో పొద మొత్తం పడేటట్లు తీస్తారు. రెండవది పత్రికలలో అచ్చుకు నోచుకోదు గాని, శాస్త్రానికి ఎక్కువ పనికివచ్చేది అదే.

ఈ కుటుంబంలోనిదే టెగ్రోడెరా. దీని తల ఎర్రన. పెంకులు పసుపుపచ్చ, వాటిపై నల్లని వల, నడుమ అడ్డంగా నల్లని పట్టె. మరొకటి సిస్టియోడెమస్ ఆర్మేటస్. దీనిని చూచినవారికి సాలీడు స్ఫురిస్తుంది. పెంకులు రెండూ అతుకుకొనిపోయి బుడగవలె ఉబ్బి ఉంటవి. వాటినిండా గుంటలు, గుంటలలో పసుపుపచ్చని పూత. ఇది ఎగరలేదు. ఉబ్బిన పెంకుల క్రింది గాలి ఎండవేడిమి శరీరానికి తగలకుండ కాపాడుతుందనీ, ఒంటిలోని తేమ త్వరగా ఆవిరికాకుండ చూస్తుందనీ శాస్త్రజ్ఞుల భావన. గుంటలలోని పసుపును చూచి పూల పుప్పొడి అంటుకొన్నదనుకొని కుంచెతో తుడిచి ఫోటో తీస్తే, పురుగులో ఒక భాగాన్నే తుడిచివేసినట్లు.

కటకం చేసే లెక్క

2 సెంటీమీటర్ల పురుగు కెమెరాలోని గ్రాహక ఫలకంపై కూడా 2 సెంటీమీటర్లుగానే పడేటట్లు తీయడాన్ని ఒకటికి ఒకటి ప్రమాణం అంటారు. ఈ ప్రమాణంలో ఒక పెద్ద చిక్కున్నది. ఫోటోలో స్పష్టంగా వచ్చే భాగపు మందం ఎంత ఉంటుందో లెక్క కట్టవచ్చు. కటకద్వారం సంఖ్యను, అనుమతించదగిన మసక చుక్క వ్యాసాన్ని గుణించి, దానిని రెట్టింపు చేసి, ప్రమాణానికి ఒకటి కలిపి వచ్చినదానితో గుణించి, ప్రమాణపు వర్గంతో భాగించవలె. ద్వారం సంఖ్య 11, మసక చుక్క 0.03 మిల్లీమీటర్లు, ప్రమాణం 1 అనుకొంటే 1.32 మిల్లీమీటర్లు వస్తుంది. పురుగు ఎత్తే 8 మిల్లీమీటర్లు. కన్ను స్పష్టంగా ఉంటే కాలు మసకబారుతుంది. కాలు స్పష్టంగా ఉంటే పెంకు కొస మసకబారుతుంది.

అయితే ద్వారాన్ని ఇంకా ఇరుకు చేస్తే సరిపోదా అని విద్యార్థి అడుగుతాడు. అడగవలసిన ప్రశ్నే. ఇరుకు సందులోనుండి పోయే కాంతి వివర్తనం వల్ల పరచుకొంటుంది. ఒకటికి ఒకటి ప్రమాణంలో కటకం ఫలకానికి దూరంగా జరగడం వల్ల 11 అని వ్రాసి ఉన్న ద్వారం నిజానికి 22వలె పనిచేస్తుంది. అప్పుడు ఒక బిందువు ఫలకంపై ఏర్పరచే వివర్తన చక్రం వ్యాసం, పచ్చని కాంతికి, 2.44 × 0.00055 × 22, అనగా సుమారు 0.03 మిల్లీమీటర్లు. మనం అనుమతించిన మసక చుక్క కూడ సరిగ్గా అంతే. ఇంకా ఇరుకు చేస్తే మందం పెరుగుతుంది గాని బొమ్మ అంతా ఒకే తీరున మెత్తబడుతుంది. ప్రకృతి ఒక చేత్తో ఇచ్చి మరొక చేత్తో తీసుకొంటున్నది.

దీనికి ఆరుబయట రెండు ఉపాయాలున్నవి. ప్రమాణాన్ని సగానికి తగ్గిస్తే అదే లెక్క ప్రకారం మందం 1.32 నుండి 3.96 మిల్లీమీటర్లకు, అనగా మూడురెట్లకు పెరుగుతుంది. కాస్త దూరంగా తీసి తరువాత పెద్దది చేసుకోవడం చాలా సందర్భాలలో మేలని దీనివల్ల తేలుతుంది. కెమెరా ఫలకాన్ని పురుగు ప్రక్కకుగాని వీపుకుగాని సమాంతరంగా పట్టుకోవడం రెండవది. దృష్టిని కొద్దికొద్దిగా జరుపుతూ అనేక ఫోటోలు తీసి కంప్యూటరులో కలిపే పద్ధతి కూడా ఈ రోజులలో ప్రచారంలో ఉన్నది. దానికి పురుగు కదలకూడదు, పువ్వు ఊగకూడదు. ఎడారిలో గాలి నెమ్మదించేది తెల్లవారుజామునే.

మెరిసే పెంకుతో మరొక చిక్కు. పదవ తరగతి విద్యార్థికి తెలిసిన కుంభాకార దర్పణమే ఆ పెంకు. దాని వక్రతా వ్యాసార్థం 5 మిల్లీమీటర్లయితే నాభ్యంతరం 2.5 మిల్లీమీటర్లు. కెమెరాపైనుండి 30 సెంటీమీటర్ల దూరంలో 4 సెంటీమీటర్ల వెడల్పు గల మెరుపుదీపాన్ని వెలిగిస్తే, ఆ దీపపు ప్రతిబింబం పెంకులో మిల్లీమీటరులో మూడవవంతు మాత్రమే ఉంటుంది. వెలుగంతా ఆ చుక్కలో కూడుతుంది గనుక అక్కడ తెల్లమచ్చ, మిగిలినచోట చీకటి. అదే దీపం ముందు 15 సెంటీమీటర్ల వెడల్పున తెల్లని పలుచని గుడ్డ కట్టి, పురుగుకు 10 సెంటీమీటర్ల దగ్గరకు తెస్తే ప్రతిబింబం 3.6 మిల్లీమీటర్లకు పైగా అవుతుంది. తెల్లమచ్చ విప్పారి, పలుచనై, పెంకు గుండ్రదనాన్ని చూపే లేత మెరుపుగా మారుతుంది. పెంకు రంగు అప్పుడే బయటపడుతుంది. ఖరీదయిన కటకం కన్న జానెడు తెల్లగుడ్డ ఎక్కువ మేలు చేసే చోట్లు ఛాయాగ్రహణంలో అనేకం ఉన్నవి, వాటిలో ఇది ఒకటి.

నీలిపురుగు కథ

రంగును ఉన్నచోటనే నమోదు చేయవలెనన్న మాటకు అన్నిటికన్న గట్టి సాక్ష్యం అస్బోలస్ వెర్రుకోసస్ అనే పురుగు. 2 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. ఎగరలేదు. వీపునిండా చిన్న చిన్న బుడిపెలు. ఎడారిలో పొడిగాలి వీచే రోజున చూస్తే లేతనీలం, ఇంచుమించు విభూతి రంగు. దానినే తేమ నిండినచోట ఉంచి చూస్తే నలుపు.

ఈ మార్పు ఎట్లు జరుగుతుందో 1979లో హాడ్లీ అనే శాస్త్రజ్ఞుడు ‘సైన్స్’ పత్రికలో వివరించాడు. అప్పుడు ఈ పురుగును క్రిప్టోగ్లోసా అనే ప్రజాతిలో చేర్చి పిలిచేవారు. గాలిలో తేమ తక్కువగా ఉన్నప్పుడు బుడిపెల కొసలనుండి మైనం అతి సన్నని తంతువులుగా బయటికి వచ్చి, ఒకదానిపై ఒకటి పడి, పెంకుపై వలవలె అల్లుకొంటుంది. ఆ తంతువులు కాంతిని నలుదిక్కులకు చెదరగొట్టుతవి. అడుగున నల్లని పెంకు ఉన్నందువల్ల చెదిరిన కాంతి నీలంగా కనబడుతుంది. తేమ ఎక్కువగా ఉన్నచోట ఈ వల ఏర్పడదు, పెంకు తన సహజమయిన నలుపుతో ఉంటుంది.

ఇది అలంకారం కాదు. మైనపు వల ఉన్న పురుగు ఒంటినుండి నీరు తక్కువగా పోతుంది. పైనబడిన ఎండలో కొంత తిరిగి పరావర్తనం చెందుతుంది గనుక శరీరం వేడెక్కడం కూడా ఆలస్యమవుతుంది. అనగా ఈ పురుగు వీపుమీది నీలం, ఆ చోట గాలి ఎంత పొడిగా ఉన్నదో తెలిపే గుర్తు. తేమమాపకం ముల్లు చెప్పే మాటనే అది రంగుతో చెప్పుతున్నది.

ఇప్పుడు డబ్బా సంగతి ఆలోచించవచ్చు. పురుగులు కదలకుండ ఉండటానికి వాటిని కొంతసేపు శీతల పేటికలో ఉంచి, మందగించిన తరువాత బయటికి తీసి ఫోటోలు తీయడం కొందరి అలవాటు. చల్లబడిన ఒంటిపై బయటి గాలిలోని ఆవిరి మంచుబిందువులుగా పడుతుంది. వేసవిలో చల్లని నీటి చెంబు పైన చెమ్మ పట్టినట్లే. ఆ తడితో, పట్టుకొన్న వేళ్ళ రాపిడితో మైనపు వల అక్కడక్కడ చెరిగిపోతుంది. ఫోటోలో వచ్చేది మచ్చలు మచ్చలుగా నల్లబడిన నీలం. దానిని చూచి మరొకడు ఇది వేరొక జాతి కాబోలునని భ్రమపడినా ఆశ్చర్యం లేదు. మంచుబిందువులతో మెరిసే పురుగు బొమ్మలు చూడముచ్చటగా ఉండవచ్చు. ఇటువంటి పురుగు విషయంలో అవి అబద్ధాలే.

పట్టకుండ ఫోటో తీయడం దీనితో కష్టమేమీ కాదు. కొంచెం అదిరించితే చాలు, వెల్లకిల పడి, కాళ్ళు బిగదీసి, చచ్చినట్లు నటిస్తుంది. శత్రువు విసిగి పోయేదాకా అట్లే ఉంటుంది. తొందరపాటుగలవాడు ఆ స్థితిలోనే నాలుగు ఫోటోలు తీసుకొని పోతాడు. ఓపికగలవాడు రెండడుగులు వెనుకకు జరిగి, నీడ దానిపై పడకుండ కూర్చుంటాడు. పురుగు మొదట మీసాలు కదుపుతుంది, తరువాత కాళ్ళు ఆడిస్తుంది, పొర్లి లేచి నడక సాగిస్తుంది. అప్పుడు తీసినదే పురుగు ఫోటో. నీలాన్ని సరిగా పట్టడానికి మరొక చిన్న జాగ్రత్త ఉన్నది. తెల్లవారుజామున నీడలో వెలుతురే కొంత నీలంగా ఉంటుంది. కనుక మొదటి ఫోటోలో పురుగు ప్రక్కన ఒక బూడిదరంగు అట్టముక్కను చేర్చి తీసి, దానినిబట్టి తరువాత అన్ని ఫోటోల రంగులు సరిచూచుకోవలె. లేకుంటే నీలం పురుగుదో, ఆకాశానిదో తేలదు.

వేసవిలో సొనోరా ఎడారి నేల ఉష్ణోగ్రత మధ్యాహ్నం 65 సెంటీగ్రేడు డిగ్రీలు దాటుతుంది. ఆ వేళ పురుగులుండవు, మనుష్యులు ఉండకూడదు. ఈ నీలిపురుగు వంటివి పొదల క్రిందనో, బొరియలలోనో దాగి ప్రొద్దుగూకిన తరువాత బయటికి వస్తవి. రాత్రి తిరిగేవారు తలదీపానికి ఎర్రకాగితం చుట్టుకొంటారు. చాలా కీటకాలకు ఎరుపు సరిగా కానరాదు గనుక అవి బెదరవు. అతినీలలోహిత దీపం కూడా వెంట ఉంచుకొనడం మంచిది. ఆ వెలుగులో తేళ్ళు పచ్చగా మెరిసి తామున్నచోటు తామే చెప్పుతవి. గిలకపాములకు మాత్రం అటువంటి సౌకర్యం లేదు. కనుక కూర్చునే ముందు నేల చూచుకోవలసినదే.

వేసవి వానలు పడ్డ తరువాత చెట్లపై లోహపు మెరుపుగల పెంకుపురుగులు వస్తవి. వీటిలో కొన్నింటి ఒంటిపై క్రొత్తగా బయటికి వచ్చినప్పుడు పసుపో, తెలుపో పొడి ఉంటుంది. దినాలు గడిచేకొద్దీ కొమ్మలకు రాసుకొని అది రాలిపోయి లోపలి రాగి, పచ్చ రంగులు పైకి వస్తవి. మైనంవలె ఈ పొడి కూడా వ్రేలితో తాకకూడనిదే. ఇవి పగటి ఎండలో అడుగు చప్పుడుకే ఎగిరిపోతవి. ఉదయం ఒళ్ళు వేడెక్కకముందు మాత్రం కొమ్మ పట్టుకొని మందకొడిగా ఉంటవి.

ఎడారి మధ్య దీవులవలె లేచిన ఆరిజోనా పర్వతాలపైన క్రైసినా గ్లోరియోసా అనే పురుగు ఉన్నది. నిజానికి ఇది ఎడారి పురుగు కాదు, ఎడారికి ఎగువన ఉండే చెట్లది. అయినా భౌతికశాస్త్రం చెప్పేవారు దీనిని విడిచిపెట్టరు. పచ్చని ఒంటిపై వెండి చారలు. పెంకులోని పొరలు గుండ్రని మెట్లవరుసవలె మెలితిరిగి అమరి ఉన్నందున దీనినుండి వచ్చే పచ్చని కాంతి వృత్తీయ ధ్రువణం చెంది, ఎడమ వైపుకు తిరుగుతూ వస్తుంది. ఈ తెగలోనిదే అయిన మరొక పురుగులో ఈ వింతను 1911లో మైకెల్సన్ గమనించాడు. కాంతివేగాన్ని కొలవడంలో పేరుమోసిన మైకెల్సనే. ఎడమ తిరుగుడు కాంతిని మాత్రమే పోనిచ్చే ఫలకంలోనుండి చూస్తే పురుగు మిలమిలలాడుతుంది. కుడి తిరుగుడు ఫలకం అడ్డం పెట్టితే దాదాపు నల్లబడుతుంది. మెరుపు తగ్గించుకొందామని కటకానికి ఏదో ఒక ధ్రువణఫలకం బిగించి తీసినవానికి పురుగు రంగే తగ్గిపోతే, తప్పు పురుగుది కాదు.

ఫోటోకు ఉన్న విలువ, హద్దు

మ్యూజియంలలో సూదికి గ్రుచ్చి దాచిన పురుగులు వందల సంవత్సరాలు నిలుస్తవి. జాతి నిర్ణయానికి అవే ఆధారం. ఫోటోలు వాటికి బదులు కావు. క్రిందిభాగం, లోపలి అవయవాలు చూడనిదే తేల్చలేని జాతులు వేలకువేలు ఉన్నవి. కాని మ్యూజియం పురుగులో పొడి రాలిపోయి ఉంటుంది, మైనం మార్పులు ఆగిపోయి ఉంటవి, ఏ పూవుపై ఎట్లు కూర్చున్నదో చీటీపై ఒక మాట ఉంటే ఉన్నట్లు, లేకుంటే లేదు. ఒకటి నిలిపేది శరీరాన్ని, మరొకటి నిలిపేది బ్రతుకును. అమెరికా జాతీయ వనాలలో అనుమతి లేనిదే పురుగునయినా పట్టి తీసుకొనిపోరాదు గనుక, అక్కడ సామాన్యునికి మిగిలినది ఫోటో ఒక్కటే.

ఆ ఫోటోకు తేదీ, వేళ, చోటు తోడయితేనే విలువ. వీపునుండి ఒకటి, ప్రక్కనుండి ఒకటి, ముఖం ఒకటి, మొక్క గుర్తుపట్టేటట్లు ఒకటి తీయడం అనుభవజ్ఞుల పద్ధతి. ఇటువంటివి కూడబెట్టడానికి 2008లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో విద్యార్థుల పనిగా మొదలయిన ఐనాచురలిస్ట్ అనే ఏర్పాటు ఇప్పుడు ప్రపంచమంతటా వాడుకలో ఉన్నది. ఎక్కడివారయినా ఫోటో పెట్టవచ్చు, తెలిసినవారు పేరు చెప్పుతారు.

ఇప్పుడు ఈ నమోదుకు ఒక తొందర కూడా వచ్చినది. ఆఫ్రికానుండి పశువుల మేతకని తెచ్చిన బఫెల్ గడ్డి సొనోరా ఎడారిలో వ్యాపిస్తున్నది. మన మెట్టప్రాంతాలలో అంజన్ గడ్డి పేరుతో పెంచేది దీనినే. ఇక్కడ అది మేలయిన మేత. అక్కడ అది పొదకు పొదకు నడుమ ఉండే వట్టినేలను కప్పివేసి, ఎండిన తరువాత మంటలకు దారి కల్పిస్తుంది. అంతకుముందు మంట అంటుకొన్నా పొద దగ్గరే ఆరిపోయేది, ఎందుకంటే తరువాతి పొద చాలా దూరం. నిప్పుకు అలవాటుపడని సవారోలు, వసంతపు పూలపొదలు అందులో కాలిపోతవి. పూలు లేకుంటే పూలు తినే పురుగు లేదు. ఏ వాలుపై ఏ ఏట ఏ పురుగు ఉండినదో తెలిపే ఫోటో లేకుంటే, అది పోయిన సంగతి కూడా ఎవరికీ తెలియదు.

ఆ ఎర్రతల పురుగు కుటుంబంవారు మన చేలలోనూ ఉన్నారు. కంది, పెసర, అలసంద పూతకు వచ్చినప్పుడు పూలపై నల్లని పెంకులు, వాటిపై అడ్డంగా నారింజ పట్టెలుగల పురుగులు వాలి రేకులు తింటవి. దొడ్లలో మందారపూలను కూడా వదలవు. వీటిలో సాధారణమైనది మైలాబ్రిస్ పుస్టులేటా. దీనిలోనూ కాంథరిడిన్ ఉన్నది, ఇదీ మనిషిని చూచి పారిపోదు. దగ్గరి వస్తువులను తీయగల ఫోనుతోనే దీనిని ఫోటో తీయవచ్చు. ముందు తెల్లకాగితం ఒకటి ఎండకు అడ్డుగా పట్టి తీసి, తరువాత కాగితం తీసివేసి తీస్తే కుంభాకార దర్పణపు లెక్క రెండు బొమ్మలలోనూ కనబడుతుంది. చేతితో మాత్రం పట్టుకోరాదు. పట్టుకొన్నచోట సాయంత్రానికి బొబ్బ లేస్తుంది. పూత తినే పురుగని రైతు దీనిని చంపుతాడు, అది న్యాయమే. అయితే ఈ ప్రజాతి పురుగుల పిల్లలు నేలలో మిడుతల గ్రుడ్లను తిని పెరుగుతవి. ఒక చేనులో పూలమీది పెద్దపురుగులను ఫోటోలతో లెక్కించి, అదే చేనులో మరుసటి ఏడు మిడుతలను లెక్కించడం ఒక ఉన్నత పాఠశాల చేయదగిన పని.